ఐరోపాలో మన మొదటి ఊరు ఏది?



ఈ మధ్య మన ఊళ్ళలో ఒక కొత్త ప్రశ్న వింటున్నాం. నందిగాం, టెక్కలి, పలాస చుట్టుపక్కల నుండి వెళ్ళి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు, అమ్మానాన్నలకు ఒక్కసారైనా విదేశం చూపించాలని అనుకుంటున్నారు. సెలవు దొరికేది వారం రోజులు. చేతిలో ఉన్నది కొన్నేళ్ళు కూడబెట్టిన సొమ్ము. యెరూషలేము యాత్ర గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఐరోపా అనేసరికి మాత్రం, "అయ్యగారూ, ఒక్క ఊరే చూడగలం అంటే ఏ ఊరు వెళ్ళమంటారు?" అని మమ్మల్ని అడుగుతున్నారు.

దీనికి చరిత్రలోంచి జవాబు వెతుకుదాం. ఏ ఊరు అందంగా ఉంటుందో ఫోన్లో వీడియోలు చూస్తే తెలిసిపోతుంది. ఏ ఊరికీ మనకూ ఏం సంబంధమో తెలియాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విదేశం మన ప్రాంతానికి కొత్తది కాదని ముందుగా గుర్తు చేసుకుందాం. మన తాతల కాలంలో విదేశం అంటే రంగం, అంటే బర్మాలోని రంగూన్. బారువ, కళింగపట్నం రేవులలో స్టీమరు ఎక్కి, అక్కడి ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలి చేయడానికి వెళ్ళేవారు. 1942లో జపాను సేనలు బర్మాను పట్టుకున్నప్పుడు వేలమంది అడవుల వెంట నడిచి తిరిగి వచ్చారు. చాలామంది దారిలోనే కన్నుమూశారు. ఆ తరువాతి తరం గల్ఫ్ దేశాలకు వెళ్ళింది. ఎవరు వెళ్ళినా పొట్ట చేతపట్టుకునే వెళ్ళారు. చూసి రావడానికి వెళ్దామన్న మాట ఇప్పుడే పుడుతోంది. అందుకే ఆ మొదటి ప్రయాణాన్ని ఆలోచించి ఎంచుకోవాలని మా మనవి.

పౌలు దిగిన ఊరు

ఐరోపాకు మొదటి ప్రయాణం అనగానే మనకు అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం గుర్తుకు రావాలి. పౌలు, సీల, తిమోతి ముందు అనుకున్న దారి వేరు. ఆసియ ప్రాంతంలో బోధించాలనుకుంటే ఆత్మ ఆటంకపరచాడు. బితూనియకు పోదామనుకుంటే ఆ దారీ మూసుకుపోయింది. చివరకు సముద్రపు ఒడ్డున త్రోయకు చేరారు. ఆ రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి, వచ్చి సహాయం చేయమని పౌలును వేడుకున్నాడు. వెంటనే ఓడ ఎక్కి సమొత్రాకే మీదుగా మరునాటికి నెయపొలి చేరి, అక్కడ నుండి ఫిలిప్పీకి వెళ్ళారు.

ఫిలిప్పీ రోమీయుల ప్రవాసస్థానం. రోమా నుండి తూర్పుకు వచ్చే వారికి ముఖ్యమైన ఎగ్నాతియ రాజమార్గం ఆ ఊరి మధ్య నుండే పోయేది. పౌలు వాళ్ళు అక్కడ ఉన్నది కొన్ని దినాలేనని లూకా రాశాడు. ఆ కొన్ని దినాల్లో వాళ్ళు ఎవరిని కలిశారో చూడండి. విశ్రాంతి దినాన ఊరి గవిని దాటి నదీ తీరాన ప్రార్థనకు చేరిన స్త్రీలను కలిశారు. వాళ్ళలో లూదియ ఒకామె. ఆమెది తుయతైర, ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారస్తురాలు. ఐరోపాలో పేరుతో సహా మనకు తెలిసిన మొదటి విశ్వాసి ఆమే. ఆ తరువాత చెరసాల, అర్ధరాత్రి పాటలు, భూకంపం, చెరసాల నాయకుని ఇంట్లో బాప్తిస్మం, ఇవన్నీ మీకు తెలిసినవే. పలాసలో జీడిపిక్కలు ఒలిచి ఇల్లు నడిపే అక్కచెల్లెళ్ళు ఈ అధ్యాయం చదివినప్పుడల్లా లూదియ దగ్గర ఒక్క క్షణం ఆగాలని మా కోరిక.

నెయపొలి నేటి గ్రీసులోని కవాలా పట్టణం. ఫిలిప్పీ దానికి దగ్గరలోనే ఉంది. ఇప్పుడక్కడ ఊరు లేదు, శిథిలాలు ఉన్నాయి. రోమీయుల కాలపు సంత స్థలం, నాటకశాల, తరువాతి శతాబ్దాల ఆరాధనాలయాల పునాదులు కనిపిస్తాయి. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. బైబిలు పట్టుకుని నడవడానికి చాలా మంచి చోటు. అయితే మొదటిసారి విదేశం వెళ్ళే పెద్దవారికి, ఎండలో రాళ్ళ మధ్య గంటల తరబడి నడవడం కష్టం. పెద్ద విమానాశ్రయం కూడా దూరం.

బాప్తిస్టులం మొదలైన ఊరు

మన ప్రాంతపు సంఘాల్లో చాలావరకు కెనడా బాప్తిస్టు మిషను ద్వారా వచ్చినవి. 1870లలో ఆ మిషనరీలు కాకినాడలో దిగి, అక్కడ నుండి భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు వచ్చారు. తరువాత టెక్కలి, సోంపేట కూడా వారి కేంద్రాలయ్యాయి. కాబట్టి మన ఆత్మీయ తాతల ఊరు కెనడాలో ఉంది. మరి ఆ తాతలకు తాతలెవరు? అది వెతికితే ఆమ్‌స్టర్‌డామ్ చేరుతాం.

ఇంగ్లాండులో రాజు చెప్పినట్టే ఆరాధించాలన్న రోజుల్లో, జాన్ స్మిత్, థామస్ హెల్విస్ అనేవారు తమ చిన్న సమాజంతో ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోయారు. అక్కడ మెన్నోనైటు విశ్వాసి యాన్ మున్‌టర్ అనే ఆయనకు చెందిన బేకరీ భవనంలో తలదాచుకున్నారు. 1609లో, విశ్వసించిన పెద్దవారికే బాప్తిస్మం అని నిశ్చయించుకుని కొత్తగా సంఘం కట్టుకున్నారు. ప్రపంచ బాప్తిస్టులు తమ పుట్టుకను లెక్కపెట్టేది ఆ సంవత్సరం నుండే. మనవాళ్ళు వింటే ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. వాళ్ళు ఆనాడు ఇచ్చిన బాప్తిస్మం నీళ్ళు తలమీద పోసి ఇచ్చినదే. ముంచి ఇచ్చే పద్ధతి ఇంగ్లీషు బాప్తిస్టుల్లో ఆ తరువాత 1640ల ప్రాంతంలో వచ్చింది. హెల్విస్ 1612 నాటికి ఇంగ్లాండు తిరిగి వెళ్ళి లండనులో సంఘం పెట్టాడు. మనుషుల మనస్సాక్షి మీద రాజుకు అధికారం లేదని రాశాడు. దానికి జైలు పాలయ్యాడు, బయటకు రాలేదు.

ఆమ్‌స్టర్‌డామ్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి పెద్ద కేంద్రం ఆ ఊరే. ఆ కంపెనీ వాళ్ళే మచిలీపట్నంలో, భీమిలిలో గిడ్డంగులు పెట్టుకుని మన నేత బట్టలు కొన్నారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన తూర్పు తీరంలో కరువులు వచ్చినప్పుడు, తిండికి లేక అమ్ముడుపోయిన మనుషులను బానిసలుగా కొని బటావియాకు ఓడల్లో తీసుకుపోయింది కూడా వాళ్ళే. కాలువల పక్కన ఆ అందమైన ఇళ్ళు చూసి ఫోటో దిగే ముందు, వాటిలో కొన్నిటి గోడల్లో మన తీరపు సొమ్ము కూడా ఉందని తెలిసి ఉండటం మంచిది. ఒకే ఊళ్ళో, ఒకే తరంలో, ఒక పక్క మనస్సాక్షికి స్వేచ్ఛ కోరినవారూ మరో పక్క మనుషులను కొన్నవారూ ఉన్నారు. సంఘ చరిత్ర చదివేవారు రెండూ చదవాలి.

స్నేహితులను అడిగిన ఊరు

మూడోది స్కాట్లండులోని ఎడిన్‌బరో. 1910 జూన్ 14 నుండి 23 వరకు అక్కడ ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు దాదాపు 1,200 మంది. వారిలో ఆసియా దేశాల వాళ్ళు ఇరవై మంది లోపే. ఆ కొద్దిమందిలో డోర్నకల్ నుండి వెళ్ళిన వి. ఎస్. అజరయ్య గారు ఒకరు. ఆయన పుట్టింది తిరునెల్వేలి జిల్లాలో, మాతృభాష తమిళం. 1909లో డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లో సేవ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 35.

జూన్ 20 సాయంత్రం ఆయన్ని మాట్లాడమన్నారు. తెల్లవారైన మిషనరీలు మా కోసం ఎంతో త్యాగం చేశారు, మా కృతజ్ఞత వారికి ఉంటుంది, కాని మాకు కావలసింది స్నేహం అని ఆయన ఆ సభ ముఖం మీదే చెప్పారు. భారతీయ సేవకులను ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోని మిషనరీలు ఉన్నారన్న సంగతి దాచలేదు. కొందరికి కోపం వచ్చింది. అయినా ఆ మహాసభలో నూరేళ్ళ తరువాత కూడా గుర్తున్న ప్రసంగం అదే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయం గోపురాలతో, మండపపు స్తంభాలతో మన కట్టడంలాగే ఉంటుంది.

ఆయన మాట్లాడిన హాలు ఎడిన్‌బరోలో మౌండ్ అనే గుట్ట మీద నేటికీ ఉంది. స్కాట్లండు సంఘపు వార్షిక సభ అక్కడే జరుగుతుంది. మన దేశపు సంఘం తలెత్తి మాట్లాడిన చోటు చూడాలనుకునేవారికి ఇది తగిన ఊరు. దానికి బ్రిటను వీసా వేరే తీసుకోవాలని గుర్తుంచుకోండి. ఐరోపా దేశాల షెంగెన్ వీసా అక్కడ పనికిరాదు.

తెలుగు అక్షరం అచ్చయిన ఊరు

ఇక మేము ఎక్కువసేపు ఆగాలనుకునే ఊరు హాలే. జర్మనీలో, లైప్‌జిగ్ పక్కన, జాలే నది ఒడ్డున ఉంది. టూర్ల వాళ్ళ కాగితాల్లో ఈ పేరు సాధారణంగా కనబడదు. అయినా తెలుగు చదివే ప్రతి ఒక్కరికీ, క్రైస్తవులైనా కాకపోయినా, ఆ ఊరితో ఒక బంధుత్వం ఉంది.

1690లలో హాలే ఊరి బయట గ్లౌకా అనే పేట ఉండేది. బీదలు, సారా దుకాణాలు, బడి మొహం చూడని పిల్లలు అక్కడ ఎక్కువ. ఆ పేటకు పాస్టరుగా ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే వచ్చాడు. బీదల కోసం ఇంట్లో ఒక కానుక పెట్టె పెట్టాడు. 1695లో ఒక రోజు దానిలో నాలుగు థాలర్లు, పదహారు గ్రోషెన్లు దొరికాయి. అది పెద్ద మొత్తమేమీ కాదు. ఆయన మాత్రం ఇది మంచి మూలధనమే, దీనితో బీద పిల్లలకు బడి పెట్టాలి అని ఆ సొమ్ముతోనే పుస్తకాలు కొన్నాడు. 1698లో అనాథ పిల్లల గృహానికి పునాది రాయి వేశాడు. 1727లో ఆయన చనిపోయే నాటికి ఆ బడుల్లో చదివే పిల్లలు రెండు వేలకు పైనే. 1710లో అక్కడే కాన్‌స్టైన్ అనే ప్రభువు బైబిలు ముద్రణాలయం పెట్టించాడు. బీదవాడు కూడా కొనుక్కోగల ధరకు బైబిలు అమ్మాలన్నది దాని ఉద్దేశం. ఆ భవనాలు నేటికీ ఉన్నాయి, లోపలికి వెళ్ళి చూడవచ్చు.

ఆ హాలే నుండే సీగెన్‌బాల్గ్ వంటివారు 1706లో తరంగంబాడికి వచ్చారు. వారి తరువాత 1719లో వచ్చినవాడు బెంజమిన్ షుల్ట్‌జ్. తోటివారితో పొసగే మనిషి కాడు. తరంగంబాడిలో గొడవలు పడి చెన్నపట్నం చేరాడు. అక్కడ వీధుల్లో తెలుగు వినబడింది. తెలుగు నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు, 1728 నాటికి క్రొత్త నిబంధనను, 1730ల ఆరంభానికి పాత నిబంధనను తెలుగులోకి తెచ్చాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. అన్నేళ్ళ కష్టం రాతప్రతిగానే ఉండిపోయింది.

1743లో ఆరోగ్యం చెడి జర్మనీకి తిరిగి వెళ్ళిపోయాడు. తనతో తెలుగు మాత్రం తీసుకెళ్ళాడు. 1746, 1747 సంవత్సరాల్లో హాలేలో తెలుగు అక్షరాలతో చిన్న చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. క్రైస్తవ బోధ ప్రశ్నోత్తరాలు వాటిలో ఉన్నాయి. ఇప్పటివరకు తెలిసినంతలో తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకాలు అవే. ఆ తరువాత మన దేశంలో తెలుగు పుస్తకాలు అచ్చవడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది. 1805లో లండను మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయరు అనే ఆయన సహాయంతో సువార్తలు తెలుగు చేస్తే, అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు. పూర్తి తెలుగు బైబిలు మన చేతికి వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. ఈ రోజు మీరు ఆదివారం చంకలో పెట్టుకుని వచ్చే ఆ నల్ల అట్ట పుస్తకం వెనుక ఇంతమంది ఉన్నారు. తన పని అచ్చులో చూసుకోకుండానే పోయినవారు వారిలో ఎక్కువ.

ఒక్కసారి ఆలోచించండి. తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ లేని చలి ఊళ్ళో, మన అ ఆ లు ఎన్నడూ వినని పనివాళ్ళు, మన తలకట్టునూ కొమ్మునూ లోహంలోకి దించారు. ఎవరు చదువుతారని? సముద్రానికి ఇవతల ఎప్పుడో, ఎవరో చదువుతారన్న నమ్మకంతోనే. ఆ పుస్తకాల తెలుగు మనకు ఈనాడు వింతగా ఉంటుంది. కాని విత్తనం చూసి ఎవరూ ఇది చెట్టులా లేదే అనరు.

హాలేలో ఫ్రాంకే సంస్థల పై అంతస్తులో మిషనరీలు దేశదేశాల నుండి పంపిన వస్తువుల గది ఉంది. 1720ల చివర కట్టిన పాత గ్రంథాలయం ఉంది. ఊరి మధ్య మార్కెట్ దేవాలయంలో లూథరు చనిపోయినప్పుడు తీసిన ముఖపు అచ్చు ఉంది. క్రిస్మసుకు మన క్వయరు పిల్లలు పాడే హల్లెలూయా కోరస్ కట్టిన హాండెల్ 1685లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన ఇంటిని మ్యూజియం చేశారు. 1517లో సంస్కరణ మొదలైన విట్టెన్‌బర్గ్ రైలులో ఎంతో దూరం కాదు, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. లూథరు పుట్టిన, చనిపోయిన ఐస్‌లేబెన్ అంతకంటే దగ్గర.

మా మాట

అందుకే వారం రోజులు, ఒక్క ఊరు అంటే మేము హాలే చెబుతాం. కారణాలు మూడు. అది మన భాషకు పుట్టిల్లు లాంటి చోటు. చిన్న ఊరు, పెద్దవారు కంగారు పడకుండా నడిచి చూడవచ్చు. చుట్టూ చూడదగినవి రైలు దూరంలో ఉన్నాయి, రోజూ పెట్టెలు సర్దుకోనక్కరలేదు. రోమా, పారిసు వెళ్ళేవారిని మేము వద్దనం. కాని పది రోజుల్లో ఏడు దేశాలు అని చెప్పే యాత్రలకు మాత్రం దూరంగా ఉండండి. ఆ లెక్కన బస్సు కిటికీ తప్ప ఏమీ చూడరు.

కొన్ని అవసరమైన సంగతులు. జర్మనీకి షెంగెన్ వీసా కావాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. జూనులో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. మన వాళ్ళకు మే చివరి నుండి సెప్టెంబరు వరకు అనుకూలం.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. ఆ అప్పులు ఇంకా తీరని ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరుగుతున్నవారు ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఉన్నవారు ప్రయాణం వాయిదా వేసుకున్నంత మాత్రాన ఏమీ పోదు. ఆ అక్షరాలు అచ్చయి 280 ఏళ్ళు కావస్తోంది, ఇంకో ఐదేళ్ళు ఎదురుచూడగలవు. పక్కింటివారి ఫోటోలు చూసి వడ్డీకి తెచ్చి వెళ్ళడం మాత్రం వద్దు. పౌలుకు కూడా రెండు దారులు మూసుకుపోయిన తరువాతే మూడో దారి తెరుచుకుంది.

వెళ్ళగలిగినవారు మాత్రం తప్పకుండా వెళ్ళండి. పిల్లలారా, అమ్మానాన్నలను తీసుకెళ్ళండి. చదువు రాని అమ్మ అయితే మరీ తీసుకెళ్ళండి. ఆ ఊళ్ళో నిలబడి, "అమ్మా, మన అక్షరాలు మొదట అచ్చయింది ఇక్కడే" అని చెప్పండి. ఫ్రాంకే కానుక పెట్టెలో దొరికిన ఆ కొద్ది డబ్బుల కథ కూడా చెప్పండి. తిరిగి వచ్చాక మన సండే స్కూలు పిల్లలకు ఒక గంట ఆ సంగతులు చెబితే, వెళ్ళలేనివారు కూడా వెళ్ళినట్టే అవుతుంది.

ప్రయాణమై వెళ్ళేవారిని, ఇంట్లో ఉండి వారి కోసం ఎదురుచూసేవారిని ప్రభువు కాపాడును గాక. మన భాషలో తన వాక్యాన్ని మనకు చేర్చడానికి శ్రమపడి, ఆ ఫలం చూడకుండానే నిద్రించినవారి కొరకు ఆయనకే స్తోత్రం. ఆమేన్.